పొద్దున స్టార్ట్ చేస్తే బండి వణుకుతాంది, పికప్ లేదు, వేడెక్కినాక మాత్రం ఏ రోగమూ లేదు

కదిరి_కుర్రోడు (అనంతపురం)
అన్నా అందరికీ నమస్తే. నాది 2017 పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, 1.2 ఇంజన్, నాలుగు సిలిండర్లు, 82 వేలు తిరిగింది. నెల రోజుల నుంచి పొద్దున 6 గంటలకి సెల్ఫ్ కొడితే ఒక్క దెబ్బకే స్టార్ట్ అవుతాది గానీ ఆర్పీఎం ముల్లు 600కి పడతాది మల్ల 1100కి లేస్తాది, డ్యాష్‌బోర్డు మీద పెట్టిన కదిరి నరసింహస్వామి బొమ్మ తల ఊపుతానే ఉంటాడు, ఇంజన్ లైటు టక్ టక్ అని ఆరి వెలుగుతాది. ఆ టైంలో గేర్ వేసి కదిలిస్తే ఎద్దులబండే నయం, యాక్సిలరేటర్ తొక్కినా పోదు. మూడు నాలుగు నిమిషాలు అయినాక అంతా మామూలే, హైవే మీద వంద కొట్టినా ఏమీ కాదు.

మెకానిక్ దగ్గరికి పోయేలోపు బండి వేడెక్కి బుద్ధిమంతుడు అయిపోతాది, ఆయన "ఏముందప్పా దీనికి" అంటాడు. ఇంతవరకు ప్లగ్గులు మార్చినాం, థ్రాటిల్ బాడీ క్లీన్ చేసినాం, ట్యాంకులో క్లీనర్ పోసినాం, ఆరున్నర వేలు పోయినాయి. ఇప్పుడు ఫ్యూయల్ పంపు మారుద్దాం, తొమ్మిది వేలు అవుతాది అంటాండాడు. మార్చేదా వద్దా?

బుల్లెట్_బాబు
ఇదంతా ఎథనాల్ పెట్రోల్ మహిమ బ్రో. బంకు మార్చి చూడు.

గ్యారేజీ_మామ (కర్నూలు)
బంకు మారిస్తే పోయే జబ్బు అయితే అనంతపురంలో సగం బండ్లు వణకాల కదా నాయనా. ఎథనాల్ ఆవిరి కావడానికి వేడి ఎక్కువ కావాల, చలికి స్టార్టింగ్ కొంచెం బద్ధకిస్తాది, అది నిజమే. అంతమాత్రాన ఇంజన్ లైటు బ్లింక్ కాదు.

తమ్ముడూ పంపు మార్చొద్దు, ఆగు. పంపు వీక్ అయితే చల్లగా ఉన్నప్పటికంటే హైవేలో ఫుల్లుగా తొక్కినప్పుడే ముందు దొరికిపోతాది, నీ బండి వంద బాగా పోతాంది అంటివి. ఆ లైటు ఊరికే వెలగడం వేరు, ఆరి వెలగడం వేరు. ఆరి వెలుగుతాంది అంటే మిస్సింగ్ (సిలిండర్‌లో పెట్రోల్ సరిగా మండకపోవడం) గట్టిగా కొడతాంది, కాలని పెట్రోల్ సైలెన్సర్‌లో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ కాలి దాన్ని కరిగిస్తాదేమో అని ఈసీయూ, అంటే ఇంజన్ కంప్యూటర్, మొత్తుకుంటాంది అని. చానా బండ్లలో అట్లాంటప్పుడు ఈసీయూనే ఆ సిలిండర్‌కి ఇంజెక్టర్ ఆపేస్తాది. అంటే నువ్వు మూడు సిలిండర్ల మీద బండి లాగుతాండావు, పికప్ యాడ నుంచి వస్తాది?

ఒక సంగతి చెప్తా విను. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఆక్సిజన్ సెన్సర్ (పొగలో ఆక్సిజన్ చూసి పెట్రోల్ ఎక్కువా తక్కువా అని చెప్పేది) పని చేయదు, దానికి దగ్గర దగ్గర 300 డిగ్రీలు వేడి ఎక్కాల. అంతవరకు ఈసీయూ కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ చెప్పిన మాట నమ్మి ఉజ్జాయింపున పెట్రోల్ పోస్తాది. ఆ సెన్సర్ అబద్ధం చెప్పినా, యాడన్నా గాలి లీక్ ఉన్నా, ఆ మూడు నిమిషాల్లోనే బయటపడతాది, తర్వాత సరిదిద్దుకుంటాది. కాబట్టి వేడెక్కిన బండిని చూపిస్తే ఎంత పెద్ద మెకానిక్ అయినా చేతులెత్తేస్తాడు, ఆయన తప్పు కాదు. రాత్రి బండి ఆయన దగ్గరే పెట్టి పొద్దున నువ్వు పోయి ఆయన ముందర సెల్ఫ్ కొట్టు. లేదంటే ఆన్‌లైన్‌లో దొరికే చిన్న బ్లూటూత్ ఓబీడీ ముక్క (ఈసీయూ చెప్పే కోడ్లు, రీడింగులు చదివేది) ఈఎల్ఎం327 తెప్పించి ఫోన్‌కి పెట్టుకో. పొద్దున స్టార్ట్ చేయకముందే తాళం ఆన్ చేసి కూలెంట్ టెంపరేచర్, లోపలికి పోయే గాలి టెంపరేచర్ రెండూ చూడు, రాత్రంతా నిలబడిన బండికి రెండూ ఇంచుమించు ఒకటే ఉండాల. ఆ తర్వాత కోడ్ ఏం వచ్చిందో ఇక్కడ రాయి.

పెన్నా_వాసి (కడప)
మా బండికి ఇట్లాగే అయితే ఎలుక! ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పితే లోపల గుప్పెడు చెనిక్కాయలు, పొట్టు, పక్కన వాక్యూమ్ పైపు కొరికి పెట్టింది. గువ్వలచెరువు ఘాట్ ఎక్కలేక సగంలో నిలబడి మాకు తెలిసింది. పైపు 180 రూపాయలు. నువ్వు కూడా ఒకసారి బానెట్ కింద చూడు, ఊరి పక్కన చేలు ఉంటే ఈ బాధ తప్పదు.

కదిరి_కుర్రోడు
ఎలుక లేదన్నా, చూసినా. మామా నువ్వు చెప్పినట్లే ముక్క తెప్పించి పొద్దున చూసినా. కూలెంట్ 17 డిగ్రీలు, గాలి 18 చూపించింది. కోడ్లు పీ0300 (ఏదో ఒక సిలిండర్ అని తేలని మిస్సింగ్), పీ0303 (మూడో సిలిండర్‌లో మిస్సింగ్). మూడో సిలిండర్ కాయిల్ (ప్లగ్గుకి కరెంటు ఇచ్చేది) తీసి ఒకటోదానికి, ఒకటోది మూడోదానికి పెట్టి కోడ్ చెరిపేసి మరుసటి రోజు చూస్తే మల్లా పీ0303 నే.

గ్యారేజీ_మామ (కర్నూలు)
శభాష్, కాయిల్‌కి ఒక్క రూపాయి కూడా పెట్టకుండా నిర్దోషి అని తేల్చేసినావు. కాయిల్ తప్పయితే మిస్సింగ్ దాంతోపాటే ఒకటో సిలిండర్‌కి పోయేది. సెన్సర్ కూడా సరిగానే ఉంది. గాలి లీక్ అయితే చానాసార్లు అన్ని సిలిండర్లకూ అంటుకుంటాది, నీకు మూడోది ఒక్కటే.

ఇప్పుడు మూడు ప్రశ్నలు, సిగ్గుపడకుండా చెప్పు. మూడో ప్లగ్గు మిగతావాటికంటే కడిగినట్టు శుభ్రంగా ఉందా? కూలెంట్ తగ్గుతాందా? ఎండాకాలంలో ఎప్పుడన్నా బండి హీట్ ఎక్కిందా?

కదిరి_కుర్రోడు
మామా నువ్వు మా ఇంట్లో కెమెరా పెట్టినావా ఏంది. ప్లగ్గు నిజంగానే తెల్లగా ఉండాది, మిగతా మూడు గోధుమ రంగు. కూలెంట్ నెలకి అర లీటర్ దాకా పోస్తాండా, పాత బండి కదా ఆవిరైపోతాది అనుకున్యా. పొద్దున తెల్ల పొగ కూడా వస్తాది, అది చలికి అనుకున్యా. మే నెలలో బెంగళూరు నుంచి వస్తాంటే పెనుకొండ దగ్గర ముల్లు ఎర్రగీత దాటింది, ఫ్యాన్ ఫ్యూజు పోయింది, ధాబాలో బోరునీళ్ళు రెండు సీసాలు పోసుకొని ఇంటికి వచ్చినాం.

గ్యారేజీ_మామ (కర్నూలు)
అదే. హెడ్ గ్యాస్‌కెట్, అంటే ఇంజన్ బ్లాకుకీ పైన ఉండే హెడ్‌కీ మధ్య సీలు. నూటికి నూరు అని ఇక్కడ కూర్చొని చెప్పను గానీ టెస్ట్ చేయించు. సాయంత్రం ఇంజన్ ఆపినాక కూడా రేడియేటర్‌లో ప్రెషర్ చానాసేపు ఉంటాది, ఆ ప్రెషర్‌కి గ్యాస్‌కెట్ సందులో నుంచి ఒక్కో చుక్క నీళ్ళు మూడో సిలిండర్‌లోకి దిగి పిస్టన్ మీద కూర్చుంటాయి. పొద్దున ప్లగ్గు తడిసి మిస్సింగ్, నీళ్ళు కాగి ఆవిరై తెల్ల పొగ, హెడ్ వేడికి సాగి సందు మూసుకుంటే అంతా మామూలు.

సాయంత్రం బండి చల్లారినాక (వేడి మీద మూత విప్పితే మొహం కాలుతాది, జాగ్రత్త) ప్రెషర్ టెస్టర్ బిగించి మూత మీద రాసిన ప్రెషర్ దాకా కొట్టి రాత్రంతా వదిలేయమను. పొద్దున ముల్లు దిగి ఉంటే మూడో ప్లగ్గు తీసి చిన్న కెమెరా వైరు లోపలికి వేసి చూడాల. అంతవరకు నడపొద్దు. చుక్కలు కాబట్టి సరిపోయింది, ఒకరోజు నీళ్ళు ఎక్కువ దిగితే పిస్టన్ పైకి లేవలేక కనెక్టింగ్ రాడ్డు వంగుతాది, అప్పుడు ఇంజనే పోతాది.

బుల్లెట్_బాబు
ఓకే మామా, బంకు మాట వెనక్కి తీసుకుంటున్నా 😅

కదిరి_కుర్రోడు
అప్‌డేట్, పది రోజుల తర్వాత. వేరే షెడ్‌లో టెస్ట్ పెట్టించినా, తెల్లారేసరికి ప్రెషర్ సగం పడిపోయింది, కెమెరాలో చూస్తే పిస్టన్ మీద ఆకుపచ్చగా మెరుస్తాండాది, ఫోన్ స్క్రీన్ మీద అది చూసి కడుపులో తిప్పినట్లయింది నాకు. హెడ్ దించినారు. స్కేలు ఆనించి ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకులు) పెడితే మూడో సిలిండర్ దగ్గర 0.12 మి.మీ. ఒంగింది, దీనికి 0.05 దాటకూడదంట. లేత్‌లో ఫేసింగ్ చేసి, గ్యాస్‌కెట్, కొత్త హెడ్ బోల్టులు, థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్‌కి దారి తెరిచే వాల్వు), కూలెంట్, ఫ్యాన్ ఫ్యూజు దగ్గర కాలిన వైరు, అన్నీ కలిపి 17,400. థర్మోస్టాట్ మీద బోరునీళ్ళ సున్నం పెచ్చు కట్టింది, మిస్త్రీ చూపించి మరీ తిట్టినాడు. వారం నుంచి పొద్దున లేస్తానే స్టార్ట్ చేస్తాండా, స్వామి కదలకుండా కూర్చున్యాడు.

పెన్నా_వాసి (కడప)
బోల్టులు పాతవే వేస్తారు చానామంది, కొత్తవి వేయించినావు మంచి పని. అవి ఒకసారి బిగిస్తే సాగిపోయే రకం అయితే మల్లా పట్టు ఉండదు. కూలెంట్ ఏం పోయించినావు?

కదిరి_కుర్రోడు
రెడీమిక్స్ డబ్బా పోసినారన్నా. ఇంకో లీటర్ డిక్కీలో పెట్టుకున్యా, ధాబా సీసాల పక్కన పెట్టినా, మా ఆవిడ ఆ సీసాలు తీసి పారేసింది.