పెద్ద అక్షరాల కతోలిక బైబిలు, పిల్లల పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయండి?

నమస్తే అండీ. మాది విజయనగరం జిల్లా చీపురుపల్లి దగ్గర పల్లెటూరు. శుక్లాల ఆపరేషన్ అయ్యాక మా అత్తగారికి చదవాలనే కోరిక మళ్లీ మొదలైంది. ఆవిడ పాత జపాల పుస్తకానికి అట్ట ఊడిపోయింది, పేజీలు సూదీదారంతో కుట్టుకున్నారు. పోనీ కొత్త బైబిలైనా కొందామని టౌన్లో ఒక షాపు నుంచి తెచ్చాను. ఆవిడ రెండుసార్లు తిరగేసి, "తోబీతు ఏదమ్మా?" అన్నారు. అప్పుడుగానీ నాకు తట్టలేదు, అది 66 గ్రంథాలది. మన కతోలిక బైబిల్లో 73 ఉంటాయి కదా. యూదితు, మక్కబీయులు ఏవీ లేవు. షాపాయన తప్పేం లేదు లెండి, నేనే అడగలేదు. పైగా చీమతలకాయంత అక్షరాలు!

73 గ్రంథాలున్న తెలుగు బైబిలు పెద్ద అక్షరాల్లో వస్తోందా? మా తొమ్మిదేళ్ల బాబుకి బొమ్మలతో పునీతుల కథలు కూడా కావాలి. వాడు సాయంత్రం జపమాల సగంలోనే నిద్రపోతాడు, కథంటే మాత్రం లేచి కూర్చుంటాడు. నాకేమో ఫ్రాన్సు దేశపు పునీతురాలు చిన్న తెరేసమ్మ ఆత్మకథ చదవాలనుంది. ఆవిడ 24 ఏళ్లకే కన్నుమూశారు, మరుసటి ఏడాది 1898లో ఫ్రెంచిలో అచ్చయింది. సులువైన తెలుగులో చదివినవాళ్లు ఉన్నారా?

మేం శ్రీకాకుళం మేత్రాసనం (బిషప్ గారి పరిధి) కిందకే వస్తాం. శ్రీకాకుళంలో ఇవి దొరుకుతాయా, విశాఖ వెళ్లాలా? పోస్టులో పంపేవాళ్లుంటే ఇంకా మంచిది. క్రిస్మస్‌కి ముందే అత్తగారి చేతిలో పెట్టాలని నా టెన్షన్.