‘డూ ది నీడ్‌ఫుల్’ అంటే ఏం చెయ్యమని?

ప్రశ్న (కడప నుంచి): మా నాయనకు డిసెంబరు పెన్షన్ పడలేదు. లైఫ్ సర్టిఫికెట్ నవంబరులోనే ఇచ్చాడు. ఆయన పేరుతో బ్యాంకుకు ఇంగ్లీషులో లెటర్ రాసి, చివర ‘కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్’ అని పెట్టాను. అది తప్పు ఇంగ్లీషు అంటున్నాడు మా ఫ్రెండు. నిజమేనా?

జవాబు: తప్పేం కాదన్నా. ఒకప్పుడు ఇంగ్లండులోనూ రాసేవాళ్లు. అక్కడ వాడుక తగ్గిపోయింది, మన ఆఫీసుల్లో ఉండిపోయింది. నా పేచీ వేరే. మన అర్జీల్లో ‘తగు చర్య తీసుకోగలరు’ అన్నట్టే, ఇందులోనూ ఏం చెయ్యాలో లేదు. మీ లెటర్ మొదలు ఎట్లా ఉంది?

ప్రశ్న వేసినాయన: ‘విత్ రిఫరెన్స్ టు ది అబవ్ సబ్జెక్ట్, ఐ వుడ్ లైక్ టు బ్రింగ్ టు యువర్ కైండ్ నోటీస్ దట్ ది సబ్మిషన్ ఆఫ్ లైఫ్ సర్టిఫికెట్ వాజ్ డన్ బై మి...’

జవాబు: ‘దట్’ దాకా ఒక్క సంగతీ లేదు, కొట్టేయండి. ‘సబ్మిషన్ వాజ్ డన్ బై మి’ అనేది ‘సమర్పించడం జరిగింది’కి అన్న. ఇచ్చింది మీ నాయన, ‘ఐ సబ్మిటెడ్’ అంటే సరిపోయె. ఇట్లా రాయండి: ‘ఐ సబ్మిటెడ్ మై లైఫ్ సర్టిఫికెట్ ఎట్ యువర్ బ్రాంచ్ ఆన్ 12 నవంబర్. మై డిసెంబర్ పెన్షన్ హాజ్ నాట్ బీన్ క్రెడిటెడ్. ప్లీజ్ క్రెడిట్ ఇట్, ఆర్ టెల్ మి వాట్ ఎల్స్ యు నీడ్.’ తేదీ మాత్రం మీది వేసుకోండి.

ఇంకొకరు: మరీ ఇంత కటువుగానా? మేనేజరు ఏమనుకుంటాడు? కాస్త బరువుగా ఉంటేనే మనకు ఇంగ్లీషు వచ్చనుకుంటారు.

జవాబు: డియర్ సర్ ఉంది, ప్లీజ్ ఉంది, ఇంకేం మర్యాద కావాలి మేడం? ఇంగ్లీషు సొంత భాషైనవాళ్లే ఆ బరువు మోయలేక గోల పెట్టారు. 1979లో క్రిసీ మేహర్ అనే ఆవిడ అర్థంకాని సర్కారు ఫారాలను లండన్ పార్లమెంటు ఎదుట ముక్కలు ముక్కలు చేయించి ‘ప్లెయిన్ ఇంగ్లిష్’ ఉద్యమం మొదలుపెట్టింది. అమెరికాలో 2010లో ఏకంగా చట్టమే చేశారు, జనానికిచ్చే ఫారాలు, లెటర్లు, నోటీసులు తేలిక భాషలో ఉండాలని. తమాషా ఏమంటే, రెగ్యులేషన్లను మాత్రం అందులోంచి తప్పించారు!

మరొకరు: మన సీమలో వేమన ఎప్పుడో చూపించలేదా, తేలిగ్గా చెప్పడం?

జవాబు: చూపించాడు సామీ, కాదనను. కానీ పద్యంలో బ్రాంచి పేరు, తేదీ రాయక్కరలేదు కదా.

ప్రశ్న వేసినాయన: సరే, మూడు వాక్యాలే పెడతా. పేజీలో సగం కూడా నిండలేదు, అదే కొంచెం టెన్షన్.

జవాబు: ఖాళీ ఉంటే మంచిదే, అకౌంట్ నంబరు, పీపీఓ (పెన్షన్ పేమెంట్ ఆర్డర్) నంబరు, ఫోన్ నంబరు వేయండి. జిరాక్స్ కాపీ మీద బ్యాంకు సీలు వేయించుకోకుండా మాత్రం బయటికి రావద్దు.