సుస్థిరాభివృద్ధిలో 'స్థిరం' ఏమిటి?

తిరుపతి నుంచి అడుగుతున్నా. లా చదివే పిల్లలకు తెలుగులో నోట్సు రాసిస్తూ 'సుస్థిరాభివృద్ధి' (సస్టెయినబుల్ డెవలప్‌మెంట్) దగ్గర ఆగిపోయా. "సుస్థిర ప్రభుత్వమంటే పడిపోనిది కదా సార్, మరి ఇది ఆగిపోని అభివృద్ధా?" అన్నాడొకడు. తప్పేముంది? స్థిరాస్తి అన్నా కదలనిదే. ఈ మాటకు అర్థంగా ఐక్యరాజ్యసమితి కమిషన్ ఇచ్చిన 1987 బ్రంట్‌లాండ్ నివేదిక చెప్పిందేమో, మన అవసరాలు తీర్చుకుంటూనే రాబోయే తరాలకు ఆ వీలు లేకుండా చేయొద్దని. ఆ తరాలు ఈ మాటలో ఎక్కడున్నాయి?

— పలమనేరు: 'నిలకడైన అభివృద్ధి' అంటే పోదా అన్నా? 'మన్నికైన' అని కూడా రాస్తా ఉండారు గానీ, అది వింటే నాకు చెప్పుల అంగడే గుర్తొస్తాది.

— కుప్పం: విత్తనానికి ఎత్తిపెట్టిన చెనక్కాయల మూట మీద చెయ్యేస్తే మా అవ్వ మొట్టికాయ వేసేది. అర్థం అదే సార్, ఒక్క మాటలో ఇమడదంతే. పాలారు మా పక్కనించే తమిళనాడుకు పోతాది. రాయవేలూరు వైపు తోళ్ల ఫ్యాక్టరీల మురికి ఆ నీళ్లలో కలిసిందని కేసు పడితే, 1996లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అభివృద్ధి, పర్యావరణం ఒకదానికొకటి పగ అనే పాత వాదం చెల్లదనింది. ఒక్కో ఫ్యాక్టరీకి 10,000 రూపాయల జరిమానా వేసింది, జరిగిన నష్టానికి పరిహారం వేరే. నోట్సుల్లో దీన్ని 'కాలుష్యకారక చెల్లింపు సూత్రం' అంటారు. నోరు తిరగదు. 'చెరిపినోడే కట్టాల' అంటే సరిపోదా?

— చిత్తూరు: మా పల్లెలో సుస్థిరాభివృద్ధి అంటే ఎవురికీ తెలీదు, 'వాల్టా' అంటే అందరికీ తెలుసు. 2002 చట్టం. దాని పేరే నీరు, భూమి, చెట్లు. ఊరి తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపల పర్మిషన్ లేకుండా ఇంకో బోరు వేయకూడదు. మా నాయన మా చేన్లో బోరు పాయింటు పెట్టించినప్పుడు టేపు పట్టుకున్నది నేనే. రెండు చెట్లు దాటి జరపాల్సొచ్చింది. మూడు రోజులు ఎవురితోనూ మాట్లాడలేదాయన!

తిరుపతి: పరీక్షలో సుస్థిరాభివృద్ధే రాయమంటా, దిద్దేవాళ్లు ఇంకో మాటకు మార్కులేయరు. మూట సంగతి క్లాసులో చెబుతా. 'చెరిపినోడే కట్టాల' మాత్రం అప్పుడే నోట్సులోకి ఎక్కించేశా. 'చెరిపినవాడే చెల్లించాలి' అని దిద్దమంటారా, అట్లే వదిలేయమంటారా?