మొదటి క్రాస్ ఎగ్జామినేషన్ భయం, విసుగులేని ప్రార్థన: సీనియర్ల సలహా కావాలి

ప్రశ్న (జూనియర్ న్యాయవాది, గుంటూరు)

పెద్దలందరికీ నమస్కారం. ఇంతకాలం వాయిదాలు తీసుకోవడం, మెమోలు దాఖలు చేయడం వరకే నా పని. ఇప్పుడు ఒక కొట్లాట కేసులో ముద్దాయి తరఫున ప్రత్యక్ష సాక్షిని క్రాస్ చేసే (అవతలి పక్షం సాక్షిని ఎదురు ప్రశ్నలతో పరీక్షించే) బాధ్యతను మా సీనియర్ గారు నాకు అప్పగించారు. కేసు కట్ట (ఫైలు) చదివాను కానీ, కోర్టులో లేచి నిలబడగానే అన్నీ మరిచిపోతానేమోనన్న భయం వదలడం లేదు. మా ఇంట్లో అందరూ ప్రార్థనాపరులు. లూకా సువార్త 18వ అధ్యాయంలో, అన్యాయస్థుడైన న్యాయాధిపతిని పదేపదే న్యాయం అడిగిన విధవరాలి ఉపమానం గుర్తుచేసి, విసుగక ప్రార్థించమంటున్నారు. నాకు రెండు సందేహాలున్నాయి. అవతలి పక్షంవారు కూడా అదే దేవుణ్ణి వేడుకుంటుండగా, గెలిపించమని నేను అడగవచ్చా? పదేపదే అడిగితేనే వింటాడంటే, దేవునికీ ఆ కథలోని న్యాయాధిపతికీ తేడా ఏమిటి?

జవాబు (సీనియర్ న్యాయవాది, ఒంగోలు)

తమ్ముడూ, రెండో సందేహంతో మొదలుపెడతాను. ఆ కథలో న్యాయాధిపతి దేవునికి భయపడడు, మనుషులను లెక్కచేయడు. విధవరాలి తరఫున మాట్లాడేవారు ఎవరూ లేరు. అయినా ఆమె మాటిమాటికీ వచ్చి న్యాయం అడుగుతూనే ఉంటుంది, చివరికి ఆమె పోరు పడలేకనే ఆయన తీర్పు ఇస్తానంటాడు. యేసు ఆ న్యాయాధిపతిని దేవునికి నమూనాగా చూపలేదు; అంతటి అన్యాయస్థుడే విన్నప్పుడు దేవుడు వినకుండా ఉంటాడా అని అడిగాడు. కాబట్టి ఎడతెగని ప్రార్థన అంటే కొట్టేసిన పిటిషన్‌నే మళ్లీ మళ్లీ దాఖలు చేయడం కాదు. విసుగు పుట్టేది మనలో, ఆ ఉపమానం సరిచేసేది కూడా దానినే. దాని వెంటనే, తానే నీతిమంతుణ్ణని ప్రార్థనలో చెప్పుకున్న పరిసయ్యుడు (మతనిష్ఠాపరుడు), పాపినని ఒప్పుకున్న సుంకరి (పన్ను వసూలుదారు) కథ వస్తుందని కూడా గమనించండి. తన పక్షమే నీతిమంతమని తీర్మానించుకుని నిలబడే వకీలుకు ఆ రెండో కథే ఎక్కువ అవసరమని నా అభిప్రాయం.

ఇక భయం సంగతి. దానిలో సగం సిద్ధపాటు చాలకపోవడం వల్ల వచ్చేదే, ఆ సగానికి మందు కట్టలోనే ఉంది. సాక్షి పోలీసులకు ఇచ్చిన స్టేట్‌మెంట్‌ను (కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టమైన నాగరిక్ సురక్షా సంహితలో సెక్షన్ 180, పాత చట్టంలోని సెక్షన్ నంబరుతో మనం ఇంకా 161 అనే అంటున్నాం) వాక్యం వాక్యం చదివి, ఒక్కో విషయానికి ఒక్కో ప్రశ్న మాత్రమే రాసుకోండి. కోర్టులో చెప్పినది దానికి విరుద్ధంగా ఉంటే, సాక్ష్య అధినియమం (కొత్త సాక్ష్య చట్టం) సెక్షన్ 148 ప్రకారం ఆ భాగాన్ని ముందు సాక్షి దృష్టికి తీసుకురావాలి, ఆ తరువాతే దర్యాప్తు అధికారి ద్వారా రుజువు చేయాలి. మొదటిది వదిలేసి అధికారిని ఎంత గుచ్చి అడిగినా ఫలితం ఉండదు. ఈ క్రమం చేతికి వచ్చినవాడికి మధ్యలో మాట తప్పిపోయినా దారి తప్పదు. నేను ప్రార్థన చేసేది కోర్టు హాలు గుమ్మం దగ్గర కాదు, కట్ట విప్పడానికి ముందు. అప్పుడు చదువు మీద మనసు నిలుస్తుంది.

ప్రశ్నించినవారు

ధన్యవాదాలు సార్. చీఫ్ (సాక్షిని పిలిచిన పక్షమే ముందుగా అతన్ని ప్రశ్నించడం) కూడా అదే రోజున జరిగితే, పోల్చుకునే వ్యవధి ఎక్కడ దొరుకుతుంది?

ఒంగోలు న్యాయవాది

చీఫ్ నడుస్తున్నప్పుడే స్టేట్‌మెంట్ కాపీ ముందుంచుకుని, తేడా వచ్చిన చోటల్లా గీత పెట్టుకోండి. మీ ప్రశ్నల కాగితంలో కుడివైపు సగం ఇందుకోసమే ఖాళీగా వదలండి. లేచిన తరువాత తడబడితే, రికార్డు చూసుకోవడానికి ఒక్క నిమిషం ఇవ్వమని అడగడంలో తప్పేమీ లేదు.

జవాబు (సివిల్ న్యాయవాది, హైదరాబాద్)

నేను క్రైస్తవురాలిని కాను, రోజూ విష్ణు సహస్రనామ పారాయణ చేస్తాను. అయినా మీ మొదటి సందేహం నాకూ ఉండేది. ఏళ్ల తరబడి వకీలుగా పనిచేసిన అమెరికా అధ్యక్షుడు అబ్రహాం లింకన్, ఆ దేశపు అంతర్యుద్ధం ముగింపుకు వస్తుండగా, 1865 మార్చి 4న చేసిన ప్రసంగంలో దీనినే ప్రస్తావించాడు. ఇరుపక్షాలూ ఒకే బైబిల్ చదివి ఒకే దేవుణ్ణి ప్రార్థిస్తున్నాయనీ, ఇద్దరి ప్రార్థనలూ నెరవేరడం సాధ్యం కాదనీ, ఏ ఒక్కరిదీ పూర్తిగా నెరవేరలేదనీ అన్నాడు. అందుకే నేను తీర్పును అడగడం మానేశాను. రికార్డులో లేనిది నా నోట రాకూడదని, ఎదుటి వకీలు రెచ్చగొట్టినా స్వరం పెరగకూడదని అడుగుతాను. పాత దావాల్లో వాయిదా మీద వాయిదా పడి కక్షిదారు నిరాశపడినప్పుడు, ఫలితంతో ముడిపడని ఈ అలవాటే నన్ను నిలబెడుతోంది.

భయం విషయానికి వస్తే, బొంబాయి స్మాల్ కాజెస్ కోర్టులో తన మొదటి కేసులో వాది సాక్షులను క్రాస్ చేయడానికి లేచిన గాంధీజీకి తల తిరిగి ఒక్క ప్రశ్నా తోచలేదు. కేసు వేరే వకీలుకు అప్పగించి వచ్చేశారు. తరువాత దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియాలో, దాదా అబ్దుల్లా అనే వ్యాపారి కేసు కోసం లెక్కల పుస్తకాలతో సహా కాగితాలన్నీ లోతుగా చదివినప్పుడే, వాస్తవాలను పట్టుకుంటే చట్టం వెంట వస్తుందన్న నమ్మకం ఆయనకు కుదిరింది. ఆయన ప్రార్థనను జీవితాంతం వదలలేదు, కాగితాలు చదవడమూ మానలేదు.

జవాబు (న్యాయవాది, విశాఖపట్నం)

ఎవరూ ప్రస్తావించని విషయం ఒకటుంది. సంఘంలో ప్రార్థన అవసరతలు చెప్పేటప్పుడు, వాట్సాప్ ప్రార్థన గ్రూపుల్లో పెట్టేటప్పుడు, కేసు వివరాలు బయటపెట్టకండి. కక్షిదారు మనకు చెప్పుకున్నది అతని సమ్మతి లేకుండా వెల్లడించరాదని సాక్ష్య అధినియమం సెక్షన్ 132 చెబుతోంది, వకాలత్ ముగిసిన తరువాత కూడా ఆ బాధ్యత ఉంటుంది. గుంటూరు లాంటి ఊళ్లో పేరు చెప్పకపోయినా, కేసు రకం, వాయిదా తేదీ చెబితే మనిషి ఎవరో తెలిసిపోతుంది. “నాకు ధైర్యం, వివేకం కావాలి, ప్రార్థించండి” అని అడిగితే సరిపోతుంది.