పక్కనే ఉన్న బార్ శబ్దం, వాసన: లైసెన్సులో ఏ షరతులు కోరాలి?

ప్రశ్న: మా గోడకు ఆనుకుని ఉన్న బార్ తలుపులన్నీ మూసినా పాటల దరువు పడకగదిలోకి వస్తోంది, వంటగది పొగగొట్టం సరిగ్గా మా కిటికీ ఎత్తులో తెరుచుకుంటోంది. లైసెన్సు పునరుద్ధరణ వేళ ఏ షరతులు కోరడం సమంజసం?

జవాబు 1: బేస్ శబ్దాన్ని, అంటే పాటలోని లోతైన దరువును, మామూలు గోడ అంతగా ఆపలేదు కనుక, స్పీకర్లను గోడకు బిగించకుండా రబ్బరు దిమ్మెలపై ఉంచాలనీ, శబ్దం నిర్ణీత స్థాయి దాటకుండా ఆపే, సీలు వేసిన సౌండ్ లిమిటర్ అమర్చాలనీ కోరండి. ‘శబ్దం తక్కువగా ఉండాలి’ అన్న షరతు ఎందుకూ కొరగాదు. ఎక్కడ, ఏ వేళ, ఎన్ని డెసిబెల్స్ అన్నది రాయించాలి.

జవాబు 2: డెసిబెల్స్‌ను మామూలుగా కొలిచే డీబీఏ (dBA) పద్ధతి బేస్‌ను తక్కువ చేసి చూపుతుంది, బేస్‌ను మెరుగ్గా లెక్కలోకి తీసుకునే డీబీసీ (dBC) కొలత కూడా అడగండి.

జవాబు 3: పొగగొట్టాన్ని కప్పుకంటే ఎత్తుకు పెంచి, నిటారుగా పైకి వదిలేలా చేయించాలి. గ్రీజు ఫిల్టర్ జిడ్డును పట్టగలదు గానీ వాసనను కాదు. దానికి కార్బన్ ఫిల్టర్ కావాలి, జిడ్డు చేరితే అదీ పనిచేయదు కాబట్టి శుభ్రం చేసిన తేదీల రిజిస్టరు తప్పనిసరి చేయమనండి.