క్రమంగా, రాను రాను, అంచెలంచెలుగా: మూడూ ఒకటేనా?

"క్రమేణా" రాయాలా, "క్రమంగా" రాయాలా అన్న ప్రశ్నకు జవాబు చిన్నదే. రెండూ సరైనవే. "క్రమేణ" సంస్కృతంలో తృతీయా విభక్తి రూపం. మనం "ఏనకేన ప్రకారేణా" అన్నట్టే దీనికీ చివర దీర్ఘం తీశాం. విభక్తి అందులోనే ఉంది కాబట్టి మళ్లీ "గా" తగిలించి "క్రమేణంగా" అనక్కర్లేదు.

ధాతువు "క్రమ్", అంటే అడుగు వేయడం. అతిక్రమణ, ఆక్రమణ, సంక్రమణం, ఆఖరికి త్రివిక్రముడూ ఆ ఇంటివాళ్లే. ఆ త్రివిక్రముణ్ణి పోతన పెంచిన తీరు చూడండి:

"ఇంతింతై వటుఁడింతయై మఱియుఁ దా నింతై నభోవీధిపై
నంతై తోయదమండలాగ్రమున కల్లంతై..."

ఆకాశం, మేఘాలు, వెలుగురాశి, చంద్రుడు, ధ్రువుడు, మహర్లోకం, సత్యలోకం. ఒక్క మెట్టూ దాటెయ్యలేదు. అయినా "క్రమంగా" అన్న మాట పద్యం మొత్తంలో లేదు! "ఇంతై", "అంతై" ఆ పని చేసేశాయి. అందుకే ఎవరైనా పైకొస్తే ఇప్పటికీ "ఇంతింతై వటుడింతై" అంటాం. తగ్గేదానికి మాత్రం ఎవరూ అనరు.

"రాను రాను" తీరు వేరు. అందులో ఎవరి ప్రయత్నమూ ఉండదు, దానంతటదే జరిగిపోతుంది. మంచికీ వాడొచ్చు ("రాను రాను అలవాటైపోయింది") గానీ, రాజుగారి గుర్రం గాడిదైన సామెత వల్లనేమో, వినగానే ఏదో దిగజారిందనే అనిపిస్తుంది. క్రియను రెట్టించడం మనకు పాత అలవాటే. "తినగ తినగ వేము తియ్యనుండు" అన్న వేమన మాటా ఈ బాపతే.

నాకు పేచీ "అంచెలంచెలుగా"తోనే. అంచె అంటే టపా ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి మారే మజిలీ. కన్నడంలో ఇప్పటికీ పోస్టును అంచె అనే అంటారు. గుమాస్తాగా చేరి మేనేజరైన మనిషి అంచెలంచెలుగా ఎదిగాడంటే బాగుంది, మధ్యలో ఆగిన మజిలీలు కనిపిస్తున్నాయి. జ్వరం అంచెలంచెలుగా తగ్గిందంటే మాత్రం చెవికి ఆనదు. జ్వరానికి ప్రమోషన్లేమిటి? అక్కడ "క్రమంగా" చాలు, "మెల్లమెల్లగా" అయితే ఇంకా హాయి.

"దశలవారీగా", "విడతలవారీగా" ఆఫీసు మాటలు. ఎవరో ముందే లెక్క వేసి పెట్టుకున్న పనికే అవి నప్పుతాయి. 2014 లోక్‌సభ ఎన్నికలు 9 విడతల్లో జరిగాయి, "రాను రాను" జరగలేదు కదా!

"క్రమేపీ" సంగతి తెలిసినవాళ్లు చెప్పండి. వాడుకలో బాగా నలిగిన మాటే, నేనైతే తప్పనను.