దాతల డబ్బుతో నడిచే ప్రాజెక్టుకు ప్రత్యేక యూనిట్ పెట్టాలా, శాఖే నడపాలా?

ప్రణాళికా విభాగం ఉద్యోగి:
మా శాఖకు విదేశీ గ్రాంటుతో ఐదేళ్ల తాగునీటి ప్రాజెక్టు వస్తోంది. దాత సంస్థ ప్రత్యేక అమలు యూనిట్, అంటే పీఐయూ పెట్టమంటోంది. విడి ఆఫీసు, విడి బ్యాంకు ఖాతా, కాంట్రాక్టు మీద నిపుణులు. శాఖలో సగం మంది సరే అంటున్నారు, సగం మంది వద్దంటున్నారు. గ్రాంటు అయిపోయాక కూడా నీళ్లు రావాలంటే ఏ దారి మేలు?

మాజీ ప్రాజెక్టు మేనేజర్:
యూనిట్ పెట్టండి. నేను ఏళ్ల తరబడి ఇలాంటివే నడిపాను. శాఖలో ఫైలు కదలదు. కదిలేలోపు ఆఫీసరు బదిలీ అవుతారు, మళ్లీ మొదటికే. టెండర్లు ఆలస్యమైతే గడువులోపు డబ్బు ఖర్చు కాదు, మిగిలింది వెనక్కి పోతుంది. పశ్చిమ ఆఫ్రికాలో రివర్ బ్లైండ్‌నెస్, అంటే నదుల దగ్గర పెరిగే ఈగలు కుట్టి ఒంట్లోకి పురుగు చేరి చూపు పోగొట్టే జబ్బు మీద 1974లో మొదలైన కార్యక్రమం చూడండి. సొంత సిబ్బంది, నదుల మీద మందు చల్లే విమానాలు, అంతా ఒకే యాజమాన్యం కింద. 11 దేశాల్లో ఒక్క సియెర్రా లియోన్ తప్ప మిగతా అన్నిచోట్లా ఆ జబ్బు ప్రజారోగ్య సమస్యగా లేకుండా పోయింది. ఆ పనిని ఏ దేశానికా దేశం ఆరోగ్య శాఖకు వదిలేస్తే అయ్యేదా?

లెక్కల విభాగం:
సార్, మీరిచ్చిన ఉదాహరణ మంచిదే, కానీ అది 2002 దాకా, అంటే 28 ఏళ్లు నడిచింది. ఆ పురుగు మనిషి ఒంట్లో పదేళ్లకు పైగా బతుకుతుంది, కాబట్టి అంతకాలమూ ఈగలను అదుపులో ఉంచాలని మొదటి నుంచీ తెలుసు. దాతలు అంత కాలానికి సిద్ధపడ్డారు. ఇక్కడ మాట్లాడుతున్నది ఐదేళ్ల గురించి. పైగా ఆ జబ్బు వ్యాప్తి ఒకసారి ఆగితే చాలావరకు ఆగినట్టే అనుకోవచ్చు, తాగునీరు రోజూ రావాలి.

నేను ముగింపు లెక్కలు చూసిన ఒక ప్రాజెక్టు సంగతి చెబుతాను. పంపులు, శుద్ధి యంత్రాలు, వాహనాలు శాఖకు అప్పగించారు, సంతకాలు అయ్యాయి. ఆ ఏడాది బడ్జెట్‌లో వాటి కరెంటు బిల్లుకు పద్దు లేదు. క్లోరిన్‌కు లేదు. ఆపరేటర్ల కాంట్రాక్టు ప్రాజెక్టుతోపాటే ముగిసింది, కొత్త పోస్టులు మంజూరు కాలేదు. ఏడాది తిరగకముందే యంత్రాలు ఆగిపోయాయి. ఎవరూ డబ్బు తినలేదు, ఎవరూ పని ఎగ్గొట్టలేదు. కట్టే ఖర్చు ఎవరిదో ఒప్పందంలో ఉంది, నడిపే ఖర్చు ఎవరిదో ఎక్కడా లేదు. ఆ ఫైలు మూసేటప్పుడు పడ్డ బాధ ఇంకా పోలేదు.

ఇది అందరికీ తెలిసిన జబ్బే. విదేశీ సాయం సరిగ్గా వాడటం మీద దాతలు, సాయం పొందే దేశాలు కలిసి చేసుకున్న 2005 పారిస్ డిక్లరేషన్‌లో, శాఖకు సమాంతరంగా నడిచే ఇలాంటి యూనిట్లను 2010కల్లా మూడింట రెండు వంతులు తగ్గిస్తామని మాటిచ్చారు. ఆ ఒప్పందంలోని 13 లక్ష్యాల్లో ప్రపంచ స్థాయిలో నెరవేరింది ఒక్కటే, అది ఇది కాదు. త్వరగా ఖర్చు చేసి చూపించాలన్న ఒత్తిడి దాత మీదా ఉంటుంది, మన మీదా ఉంటుంది. అందుకే యూనిట్లు పోవు.

కాబట్టి యూనిట్ ఉండాలా వద్దా అన్న దగ్గర ఆగిపోవద్దు. నిర్వహణ ఖర్చుకు శాఖ రెగ్యులర్ బడ్జెట్‌లో పద్దు ఎప్పుడు తెరుస్తారన్నది పట్టుకోండి. పేద దేశాలకు టీకాల కోసం సాయం చేసే సంస్థ గావి 2008 నుంచి ఇదే పద్ధతిలో వెళ్తోంది. బాగా పేద దేశాలు కూడా డోసుకు 20 సెంట్లు సొంతంగా పెట్టాలి, ఆదాయం పెరిగేకొద్దీ వాటా పెరుగుతుంది. మొత్తం చిన్నదే, కానీ బడ్జెట్‌లో ఆ పద్దు మొదటి నుంచీ ఉంటుంది. ఉన్న పద్దును పెంచమని ఆర్థిక శాఖను అడగొచ్చు. లేనిదాన్ని ఐదో ఏట తెరిపించడం మహా కష్టం.

మాజీ ప్రాజెక్టు మేనేజర్:
పద్దు సంగతి ఒప్పుకుంటాను. నా ప్రాజెక్టుల్లో దాని గురించి ఆఖరి ఏడాదిలోనే మాట్లాడాం, అది మా తప్పే. కానీ శాఖ మనుషులకు టెండరు పత్రాలు రాయడం రాకపోతే మొదటి ఏడాదే పని ఆగుతుంది. అదెలా?

క్షేత్ర ఇంజినీరు:
మనుషులను శాఖ నుంచే డెప్యుటేషన్ మీద తీసుకోండి, కన్సల్టెంట్‌ను వాళ్ల పక్కన కూర్చోబెట్టండి. వాళ్లు తిరిగి శాఖకే వస్తారు, పని నేర్చుకుని వస్తారు. జీతాల తేడా మాత్రం జాగ్రత్త. యూనిట్‌లో రెండింతలు ఇస్తే శాఖలో ఉన్న మంచివాళ్లంతా అటే పోతారు, మామూలు పని కుంటుపడుతుంది.

ఇంకోటి, ఏ యంత్రం కొన్నా స్పేర్ పార్టులు దగ్గర్లో దొరుకుతాయో లేదో కొనేముందే చూడండి. ఒక్క వాల్వు కోసం నెలల తరబడి ఎదురుచూశాం.

ఐదేళ్లు ఖాయమన్న ధీమా కూడా వద్దు. 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయాన్ని ఉన్నట్టుండి నిలిపేసింది. చాలా దేశాల్లో సిబ్బంది, మందులు అన్నీ ఆ డబ్బు మీదే ఆధారపడిన క్లినిక్కులు వెంటనే మూతపడ్డాయి.

ప్రణాళికా విభాగం ఉద్యోగి:
అయితే డెప్యుటేషన్ మనుషులతో చిన్న యూనిట్, రెండో ఏడాది నుంచే శాఖ బడ్జెట్‌లో నిర్వహణ పద్దు. ఈ రెండూ ఒప్పందంలోనే రాయమని అడుగుతాను. ఆరో ఏడాది ఖర్చు లెక్క కూడా జత చేద్దామనుకుంటున్నా. ఆ లెక్క యూనిట్ వేయాలా, మనమా?

లెక్కల విభాగం:
ఆ లెక్క మీరే వేయండి, ఆ ఏడాది బిల్లులు మీకే వస్తాయి. కరెంటుతో మొదలుపెట్టండి. పంపుల పథకాల్లో పెద్ద ఖర్చు సాధారణంగా అదే.